నాగభూషణం గారి బ్లాగు బహుమతి

హనుమకొండ చౌరస్తాలో చీరల దుకాణం నడిపే నాగభూషణం గారికి చీరల కన్నా తన బ్లాగు మీదే పిచ్చి. పొద్దున గల్లాకు అగరుబత్తి తిప్పి, మీసం దువ్వుకుని, పనివాళ్ళను వరుసగా నిలబెడతారు. అందరూ తమ ఫోన్లలో ఆయన బ్లాగును పదేసి సార్లు తెరవాలి. ఆ తర్వాతే బోణీ. పేజీ కింద అంకె పెరిగేకొద్దీ ఊరంతా తన రాతలే చదువుతోందని మురిసిపోతారు. తెరిపించింది తానేనన్న సంగతి మధ్యాహ్నానికే మరిచిపోగల మనిషి. మొన్న దసరాకు, బ్లాగులకు పనికొచ్చే టూల్ చేసిన ప్రోగ్రామర్‌కు పాతికవేల నగదు అంటూ ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన ముఖం తలుపంత, బహుమతి అక్షరాలు వేలెడంత.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వినోద అనే అమ్మాయి వచ్చింది. ఆమె చేతిలోది స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న లాప్‌టాప్. ఈ డబ్బొస్తే సొంతది కొనుక్కోవాలని ఆశ. ఎన్నిసార్లు తెరిచినా ఒక ఫోన్‌ను ఒక్కసారే లెక్కపెట్టే టూల్‌ను బ్లాగుకు తగిలించింది. వారం తర్వాత చూస్తే, వేలల్లో ఉండే అంకె పన్నెండు దగ్గర ఆగింది. పనివాళ్ళు పదకొండుమంది, ఆయన ఒకరు.

"గిదేంది బిడ్డా, ఖరాబైందా?" అన్నారాయన.

"లేదంకుల్, మంచిగనే పనిచేస్తాంది."

"జర పాతదాని లెక్కనే చూపియ్యి. పాతికకు ఇంకో పదివేలు కలిపిస్త."

వినోద లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది.

"ఆ పైసలు చదివెటోళ్లకు ఇయ్యుండ్రి అంకుల్. అప్పుడన్న పదమూడో మనిషి వస్తడేమో."