మేడమ్ నేర్పిన నటన

నా చిన్నప్పుడు మేము గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లో ఒక విల్లా వెనక గదిలో ఉండేవాళ్ళం. విల్లాలో యూరప్ నుంచి వచ్చిన సారు, ఆయన భార్య ఉండేవారు. నాన్న సారుకు డ్రైవరు, అమ్మ వంటమనిషి. మా పాస్‌పోర్టులన్నీ సారు బల్ల సొరుగులో ఉండేవి. ఆయన సంతకం పెట్టనిదే ఎక్కడికీ కదల్లేం. ఆ సొరుగంటే నాకు ఎంత కసో చెప్పలేను.

మేడమ్ ఒకప్పుడు వాళ్ళ దేశంలో సినిమా నటి. రొట్టెల కొట్లో పనిచేస్తుంటే పదిహేడేళ్ళకే ఒక దర్శకుడు చూసి తీసుకెళ్ళాడట. పాటలు, ఫైట్లు ఉండే సినిమాలు కావవి. ఒకసారి క్యాసెట్ వేసి చూపించింది. కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది, అంతే. నాకు నిద్ర ముంచుకొచ్చింది. అమ్మ మాత్రం గరిటె చేత్తో పట్టుకునే కళ్ళు తుడుచుకుంది. నలభై దాటాక వేషాలు తగ్గాయి, సారును పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చింది. తర్వాత మళ్ళీ ఒక దర్శకుడు పిలిచినా సారు పంపలేదు.

ఆ ఎండాకాలం అమ్మమ్మ మంచాన పడిందని ఊరి నుంచి ఫోనొచ్చింది. అమ్మ ఎంత ఏడ్చి సెలవడిగినా సారుది ఒకటే మాట, తర్వాత చూద్దామని. "అవ్వ నన్ను చూడకుండనే పోతదా బిడ్డా?" అంటూ అమ్మ నన్ను పట్టుకుంది.

మేడమ్ అమ్మను వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఏడవొద్దంది, అసలు మాట్లాడొద్దంది. మీ అమ్మను మనసులో తలుచుకుంటూ సారు కళ్ళలోకి చూడమంది. ఆమె ఇంగ్లీషును నేను తెలుగులో చెప్పాను.

"గట్ల జూస్తే సారుకు కోపమొస్తది గద మేడమ్!" అని అమ్మ జంకింది. అయినా మేడమ్ వదల్లేదు. చూపు పక్కకు పోతే మళ్ళీ మొదటి నుంచీ చేయించింది.

శుక్రవారం పొద్దున అమ్మ సారు బల్ల ముందు కూర్చుంది. ఆయన కాగితాలు తిప్పాడు, విసుక్కున్నాడు, ఏం కావాలన్నాడు. అమ్మ పలకలేదు. చివరికి తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సొరుగు తెరిచాడు.

అమ్మ చేత్తో గంజి తాగాకే అమ్మమ్మ పోయింది.

అమ్మ ఊళ్ళో ఉన్నప్పుడే మేడమ్‌ని అడిగేశాను, మీరూ అలా కూర్చోవచ్చు కదా, మీ పాస్‌పోర్టూ అక్కడే ఉంది కదా అని. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ నవ్వింది.

"చాలాసార్లు కూర్చున్నాను. ఆయన తలెత్తలేదు" అంది.

నాకిప్పుడు తల నెరిసింది. ఈ దేశంలోనే, అల్ సద్‌లో ఒక క్లినిక్ కౌంటర్లో పనిచేస్తున్నాను. ఎవరైనా వచ్చి ఏమీ అడక్కుండా నిలబడితే, ఎంత పనిలో ఉన్నా ముందు తలెత్తి వాళ్ళ ముఖంలోకి చూస్తాను.