పాప కాళ్ళ కడియాలు

రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్‌కు నేను సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. గేటు దగ్గర మనుషుల ఒంటిమీద తిప్పే మెటల్ డిటెక్టరును, మేనేజర్‌ను అడిగి, ఆదివారాల్లో మా పొలానికి తీసుకెళ్ళాను. పొలమంటే నాకే నవ్వొస్తుంది. నాలుగు వైపులా అద్దాల మేడలు, మధ్యన మాకు మిగిలిన ఆరు గుంటలు. అదీ బిల్డర్‌కు ఇచ్చేశాం. సెల్లార్ తవ్వే మిషన్లు నెలాఖరుకు వస్తాయి.

నాకన్నా ముందు అమ్మకొక ఆడపిల్ల పుట్టి, ఏడాది నిండకుండానే జ్వరంతో పోయింది. ఆ పొలంలోనే పెద్ద రాతిగుండు పక్కన పూడ్చారు. పూడ్చే చోటికి మా ఆడవాళ్ళు వెళ్ళరు. అమ్మ గడప దగ్గరే ఆగిపోయి, పాప కాళ్ళకున్న వెండి కడియాలు మాత్రం తీయొద్దని చెప్పిందట. తర్వాత ఎప్పుడో ఆ గుండును పేల్చేశారు. ఆనవాలు పోయింది.

"మీ అక్క లారీల మట్టితోని పోతది బిడ్డా. కడియాలున్నయి గద, ఆ మిషిన్‌తోని జర ఎతుకు. తీసి ఇంకోకాడ పెట్టుకుందం," అంది అమ్మ.

నాలుగు వేళ్ళ లోతు దాటితే ఆ మిషన్‌కు ఏమీ తెలియదు. ఆ సంగతి అమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. పారతో పైమట్టి గీకుతూ, మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. అక్కడ ఏళ్ళ తరబడి కూలీల రేకుల షెడ్లు ఉండేవి కాబట్టి అడుగుకోసారి మోతే. మేకులు, సెంట్రింగ్ తీగ, సీసా మూతలు. ఒకసారి తాత నాగలి కర్రు దొరికింది. ఇంకో రోజైతే మురిసిపోయేవాణ్ణి, ఆ రోజు విసురుగా పక్కన పడేశాను. "లంకెబిందెలు దొరికినయా అన్నా?" అని పక్క సైటు వాచ్‌మన్ అడిగితే కొట్టాలనిపించింది.

పాపను పూడ్చింది మా చిన్నాయన. ఇప్పుడు నాన్న లేడు; ఆయనకు ఆ రోజు చేతులాడలేదట. నేను వెతికే ప్రతి ఆదివారం చిన్నాయన వచ్చి రాయి మీద కూర్చునేవాడు. చోటు అడిగితే యాదికి లేదనేవాడు. మూడో ఆదివారం నా మోకాలు చీరుకుపోయి నెత్తురొచ్చింది.

"ఇగ చాలుర," అన్నాడు చిన్నాయన. "ఒంటి మీది సొమ్ముతోని మట్టిల పెట్టరు మనోళ్లల్ల. నేనే తీసిన. మీ అమ్మకు చెప్పలె."

"తీసి ఏం చేసినవ్ చిన్నాయనా?"

"మీ నాయినకిచ్చిన. నువ్వు పుట్టినంక కరగబోసి నీకు మొలతాడు చేయించిండు."

ఆ వెండి మొలతాడు అమ్మ బీరువాలోనే ఉంది. అక్క కాళ్ళవి నా నడుముకు కట్టుకుని పెరిగానన్న మాట నాకు మింగుడుపడలేదు. ఏవో దొరికాయని అబద్ధం చెబుదామనే బోరబండలో మా ఇంటి దాకా బండి నడిపాను. గుమ్మంలో ఎదురుచూస్తున్న అమ్మ ముఖం చూశాక చేతకాలేదు. ఉన్నదంతా చెప్పేశాను.

అమ్మ బీరువా తీసి, మొలతాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నాయనను తిట్టిపోస్తుందనుకున్నాను.

"గిన్నేండ్లు దాని కాళ్లకు అవి ఉన్నయనే అనుకున్న," అంది. "ఉత్త కాళ్లతోనే పోయిందా నా బిడ్డ?"