నాలుగు వేళ్ల జాడ

అక్క పోయిందని జూలూరుపాడులో బస్సు దిగుతుండగా తెలిసింది. ఖమ్మం దవాఖానాలో, తెల్లవారుజామున, పక్కన ఎవరూ లేని సమయంలో. వాళ్లమ్మ టీ కోసం కిందికి దిగిందట. ఆ కాసేపట్లోనే.

మీలో కొందరు ఆమెను టీవీలో చూసి ఉంటారు. ఆశ్రమ పాఠశాలలో తైక్వాండో మొదలుపెట్టి, దేశం తరఫున ఆడి కాంస్యం తెచ్చిన అమ్మాయి. మాకు మాత్రం ఆట నేర్పే అక్క. అడవి అంచున వాళ్ల మట్టివాకిలే మా మ్యాట్. పొద్దున్నే నీళ్లు చల్లి, ఊడ్చి, మమ్మల్ని ఆడించేది. ఆట అయ్యాక మమ్మల్ని పక్కకు జరిపి, వంగి, నేలను చదివేది. వాళ్ల నాన్న అడవిలో జంతువుల జాడ చదివేవాడట. 'జాడ' అన్న మాట నాకు ఆ వాకిట్లోనే దొరికింది. పుస్తకాలకంటే ముందు నాకు చదవడం నేర్పింది ఆమే.

"గీ మడమ చూడు, ఎంత లోతుకు దిగిందో. ఎవరిది?"

"నాదే అక్కా."

"తన్ను రాకముందే ఎనక్కి ఒరిగినవ్. భయపడ్డవ్."

"లేదక్కా, జారింది."

"అవ్ అవ్. నువ్వు జారినవ్, మట్టి అబద్ధమాడింది."

అందరూ నవ్వారు. నేను కూడా.

ఈ అలవాటే మొదటి విదేశీ పోటీలో ఆమెను ముంచింది. అక్కడి మ్యాట్ మీద అడుగుజాడ పడదు. తెలిసి కూడా, ఎదుటి అమ్మాయి జాడ కోసం కిందికి చూసింది. తన్ను తలకు తగిలింది. ఆ తర్వాత జాడ వదిలేసి మడమలనే చూడటం నేర్చుకుంది. ఎదుటి మడమ నేలకు ఆనితే భయం మొదలైనట్టే. అప్పుడే మీదికి దూకేది. పతకం అలా వచ్చింది. ఆ పోటీలోనే ఎడమ కాలి చిటికెనవేలు విరిగి పైకి లేచిపోయింది. అప్పటి నుంచి వాకిట్లో నాలుగు వేళ్ల అడుగు కనిపిస్తే అది అక్కదే.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. పోయిన మనిషి పడుకునే చోట బూడిద చల్లి గంప బోర్లిస్తారు. వాళ్లు వస్తే జాడ పడుతుందంటారు. మూడో రోజు పొద్దున గంప ఎత్తి, వాళ్లమ్మ నన్ను పిలిచింది.

"బిడ్డా, నీకు జాడ సదవొస్తది గద. ఆ యాళ నా బిడ్డ ఒక్కతే ఉన్నది. భయపడ్డదా? చెప్పు."

బూడిద ముందు కూర్చున్నాను. వంగి చూశాను. బూడిదలో సన్నటి గుంటలు నాలుగు. వాటి వెనక అంతా చదును. బల్లి కావచ్చు, గాలి కావచ్చు. మళ్లీ చూశాను. నాలుగే.

"మడమ పడలేదవ్వా," అన్నాను. "ముందుకే పోయింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు తల ఊపుతూనే ఉంది.

ఆ వేళ్లు నేను కూర్చున్న వైపే తిరిగి ఉన్నాయి. అది మాత్రం చెప్పలేదు. లేచి, వాటి మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి నడిచి గడప దాటాను. అప్పుడే ఎవరో వాకిట్లో నీళ్లు చల్లి ఊడ్చినట్టున్నారు. ఆ తడి మట్టిలో, గడప నుంచి నా కాళ్ల దాకా, లోతుగా దిగిన మడమలు. అన్నీ నావే.