టాబియా వాగులో మా ఓడపిన్ని

మా ఓడపిన్ని పోయిందన్న కబురు నాకు అందేసరికి ఆమె పదకొండో రోజు కూడా దాటిపోయింది. సావుసావు నుంచి ఎండుకొబ్బరి వేసుకొచ్చే పడవలో వచ్చిన మనిషి ఒకడు, మాతోపాటు ఒకే ఓడలో ఈ చెరుకు దీవుల్లో దిగినవాడే, బా మిల్లు గేటు బయట నాకోసం కాచుకుని నిలబడ్డాడు.

"పిన్ని పోయింది భయ్యా. రెండు రోజులు బుఖార్. మూడో రోజు పొద్దున చాయ్ అడిగింది. కాచి తెచ్చేలోపల కన్ను మూసింది" అన్నాడు.

"అంతా ఎవరు చూశారు?" అని అడిగాను.

"లైన్లోవాళ్లందరం చూశాం. కొండ అవతలినించి కాయివీతీలు కూడా వచ్చారు. చాపలు తెచ్చి పరిచి, చీకటిపడేదాకా మాతోనే కూర్చున్నారు."

కాయివీతీలంటే మాకంటే ముందునుంచీ ఈ దీవుల్లో ఉన్న ఇక్కడి జనం. పిన్నికి పిల్లలు లేరు. ఇక్కడ రక్తసంబంధమున్నవాళ్లూ లేరు. అందుకని ఆమె గురించి నాలుగు మాటలు రాసిపెట్టే పని నాదేననిపించింది.

ఓడపిన్ని అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. మద్రాసు రేవులో ఎక్కి, గిరిమిట్ కాగితం, అంటే అయిదేళ్ల కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఒకే ఓడలో వచ్చినవాళ్లను హిందుస్తానీవాళ్లు జహాజీలంటారు. మేం తెలుగువాళ్లం దానికి మన వరసలు కలుపుకున్నాం. ఓడలో నాకు మూడు వారాలు అన్నం నిలవలేదు. పక్క చాప మీది ఆవిడ తన వంతు గంజిలో ఉప్పు వేసి, నా తల ఎత్తిపట్టి తాగించేది. అప్పటినుంచి ఆవిడ నాకు పిన్ని. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, ఆమెకు ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఇద్దరినీ లంబాస దగ్గర టాబియా చెరుకుతోటల లైనుకే, అంటే కూలీల గదుల వరసకే పంపారు. నా గదికీ ఆమె గదికీ మధ్య ఒక్క రేకు గోడ.

ఆమె తండ్రి గోదావరి కాలువ మీద లాకు కళాసీ. చిన్నప్పుడు లాకు గోడ మీద తండ్రి పక్కన కూర్చుని గాలం వేయడం నేర్చుకుందట. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. అత్తవారింట్లో ఆడది గాలం పట్టుకోవడం చూసి నవ్వేవారని చెప్పింది. ఇక్కడ నవ్వేవాళ్లు లేరు. ఆదివారం టాస్కు, అంటే రోజుకింతని కొలిచి ఇచ్చే పొలం పని, లేదు. లైను వెనక కొండలోంచి వాగు దిగుతుంది. ఆ వాగు కిందికి పోయి, చెరుకు పంటులు నడిచే కాలువలో కలుస్తుంది. మొదటి ఆదివారమే వెదురు నరికి, సూది కాల్చి వంచి, గోనెసంచి దారం పేని, దానికి జిగురు పట్టించి బయలుదేరింది.

కొర్రమీను కోసం వెతికింది పాపం. వానపాము గుచ్చి గట్టు నీడలో, కలువాకుల కింద వేసింది. ఏడాది వెతికినా కొర్రమీను లేదు. ఒక రోజు మడుగు మీదికి వంగిన చెట్టు వేళ్ల సందులోంచి వెండిరంగు చేప ఒకటి బాణంలా వచ్చి ఎర అందుకుంది. పొలుసు పొలుసుకీ ఎర్రమట్టి రంగు చుక్క, తోక చివర నల్లటి మచ్చలు. గదికి తెచ్చి అరిటాకు మీద పెట్టి చాలాసేపు చూసింది.

"కొర్రమీను కాదురా అబ్బాయ్. కానీ నడవడి అదే. దాని మేనత్త కూతురనుకో" అంది.

దాని పేరు ద్రోకా అని కొండ అవతల వాగు దగ్గర ఉండే కాయివీతీ ముసలమ్మ చెప్పింది. ఆ ముసలమ్మను అందరూ బూబూ అనేవారు, అంటే వాళ్ల మాటలో అవ్వ. వానపాము కంటే, వాగు మీదికి వంగిన అడవి మేడిచెట్టు పండు గుచ్చితే ద్రోకా ఆగలేదని చూపించింది కూడా ఆమే. ఆ ముసలమ్మకు హిందుస్తానీ పది ముక్కలు వచ్చు, పిన్నికి ఇంకో పది ముక్కలు వచ్చు. ఆ ఇరవై ముక్కలతో ఇద్దరూ పొద్దు గూకేదాకా చేపల గురించి మాట్లాడుకునేవారు.

పిన్ని పట్టే చేప ఎప్పుడూ లైనులో జబ్బుతో పడుకున్నవాళ్లకే. పులుసు కాచి, ముల్లు తీసి, ముద్ద కలిపి ఇచ్చేది. తాను తలకాయ తినేది, అంతే. చేపను ముట్టుకునే ముందు చెయ్యి నీళ్లలో తడిపేది. "పొడి చెయ్యి దానికి కాలుతుంది" అనేది. మణికట్టు నుంచి వేలి కొస దాకా పొడుగు లేని చేపను గాలం విప్పి వదిలేసేది. ఒకసారి నేను విసుక్కుని, "అది కూడా చేపే కదా పిన్నీ" అన్నాను. "చేపే. ఇంకా దాని పని దానికుంది" అంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. దీన్ని దాచి ఆమె మంచితనం మాత్రం రాస్తే అది సగం మాటే అవుతుంది.

మా చేత పని చేయించే సర్దారు తమ్ముడికి పెళ్లి కుదిరింది. లైనంతటికీ చేపలతో భోజనం పెడతానని సర్దారు మాటిచ్చాడు. దువా అనే తీగ వేరు ఉంది. రాతి మీద దంచి నీళ్లలో కలిపితే పాలలాగా పాకి, చేపలు ఊపిరాడక తేలతాయి. పెళ్లికి వారం ముందు ఆదివారం, వేరు ముందే అక్కడ దాచుకుందామని సర్దారు, మేం నలుగురం ఆ వేరు మోపు కట్టుకుని మడుగు దగ్గరికి వెళ్లాం. పిన్ని అక్కడే ఉంది. మోపు చూసింది. వెదురు గట్టు మీద పెట్టి, చీర కుచ్చెళ్లు దోపుకుని మడుగులోకి దిగి నడుము లోతులో నిలబడింది.

"బయటికి రా. ఈ వాగు నీ బాప్ తవ్వించాడా?" అన్నాడు సర్దారు.

"నా బాబు లాకులే తిప్పాడు, వాగులు తవ్వలేదు" అంది పిన్ని. "పెళ్లి ఒక పూట. లైన్లో మంచాన పడ్డోళ్లు ఏడాదంతా ఉంటారు. నాలుగు ఆదివారాలు టైమియ్యి. నేను పట్టి ఎండబెట్టి ఇస్తా."

"షాదీ వచ్చే ఇత్వారే, వారం రోజులే ఉంది."

"అయితే పప్పుతో కానియ్యి."

మాలో ఒకడు ఫక్కున నవ్వాడు. సర్దారు వెనక్కి తిరిగాడు. పిన్ని నావైపు చూసింది. నేను మోపు చాటున మొహం పెట్టుకున్నాను.

శనివారం పొద్దున సర్దారు పిన్నిని దూరపు పొలంలో కలుపు టాస్కుకి పంపించాడు. మా నలుగురికీ టాస్కు తప్పించాడు. వద్దనడానికి నాకు ధైర్యం లేకపోయిందని చెప్పుకోవచ్చు, కానీ అది నిజం కాదు. టాస్కు తప్పిందని నాకు సంతోషమే కలిగింది. ఎగువన రాతి మీద వేరు దంచి వదిలాం. నీళ్లు తెల్లబడ్డాయి. ముందు రొయ్యలు గట్టెక్కాయి. తర్వాత ద్రోకాలు పక్కకి ఒరిగి తేలాయి, చెయ్యంతవి, వేలంతవి, మేడాకు ఈనె అంతవి. మూడు బుట్టలు నింపుకున్నాం. నింపలేనివి నీళ్లతో పాటు కాలువలోకి పోయాయి. సోమవారం పంటు నడిపేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకున్నారు.

పెళ్లికి పిన్ని వచ్చింది. వరస పొడుగునా అన్నం వడ్డించింది. నా ఆకులోనూ వడ్డించింది. తను చేప ముట్టలేదు. ఆ కూర రుచిగానే ఉందని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

తర్వాత వాగులో ఏమీ లేదు. రాయి ఎత్తితే రొయ్యపిల్ల కూడా లేదు. మూడు నెలలకు నాకు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. పది రోజులకు లేచి కూర్చోలేని స్థితికొచ్చాను. పదకొండో రోజు పిన్ని సత్తుగిన్నెలో చేప పులుసు తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఎక్కడిది?" అన్నాను.

"కొండ అవతలి వాగుది. తిను."

ఒక ముద్ద తిని గిన్నె పక్కకి జరిపాను. "పిన్నీ, ఆ రోజు దువా దంచినవాళ్లలో నేనూ ఉన్నాను" అన్నాను.

"తెలుసు. ఆ వాసన రెండు రోజులదాకా చేతులకి పోదు. అన్నం వడ్డించేటప్పుడే తెలిసింది. తిను, చల్లారిపోతోంది" అంది.

తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కాళ్లలో సత్తువ వచ్చాక తెలిసింది ఆమె ఆదివారాలు ఏం చేస్తోందో. కిరసనాయిలు డబ్బా మూత కోసి, బూడిదతో ఏడుసార్లు తోమి, కొండ అవతలి వాగులో పట్టిన చిన్న ద్రోకాలను అందులో వేసి, తామరాకంత వెడల్పు చేమాకు కప్పి, నెత్తిన పెట్టుకుని కొండెక్కి దిగి మా మడుగులో వదులుతోంది. దారిలో ఊట కనపడినచోటల్లా ఆగి నీళ్లు మార్చాలి. వెళ్లడానికి ఒక పూట, రావడానికి ఒక పూట. పది చేపలు బయలుదేరితే నాలుగు బతికేవి.

"డబ్బా నాకివ్వు" అన్నాను ఒక ఆదివారం.

"నీ నడక ఎగుడుదిగుడు. నీళ్లు కుదిపేస్తావు" అంది. రెండో ఆదివారం కూడా అదే మాట. మూడోసారి ఉత్త నీళ్లతో డబ్బా నా నెత్తిన పెట్టి లైను చుట్టూ మూడుసార్లు తిప్పించింది. నా మెడ తడవలేదని చేత్తో తడిమి చూసుకుని, "సరే, పద" అంది. రెండు వానాకాలాల పాటు మేం అలా మోశాం. దంచిన మిగతా ముగ్గురిలో ఒకడు మాతో కలిశాడు. ఇద్దరు కలవలేదు. ఆమె ఎవర్నీ పిలవలేదు.

ఒకరోజు బూబూ మా డబ్బాలోకి తొంగిచూసి తల అడ్డంగా ఊపింది. "సెంగా, సెంగా" అంది, కాదు కాదని. చేత్తో సముద్రం వైపు చూపించింది, కడుపు చూపించింది, మళ్లీ కొండ వైపు చూపించింది. పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి ఉప్పునీటిదాకా దిగిపోతాయట. పిల్లలు వాటంతటవే వాగులు పట్టుకుని పైకి ఎక్కి వస్తాయట. మీరు మొయ్యకపోయినా వస్తాయని చెప్పింది. ఇన్ని ఆదివారాల కష్టం దండగే కదా అనుకున్నాను.

పిన్ని డబ్బా మీద ఆకు సర్దింది. "రానీ పాపం. వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరుంటే మంచిదేగా" అంది. డబ్బా మళ్లీ నెత్తికెత్తుకుంది.

ఆ మరుసటి ఏడు, వాన తెరిపిచ్చిన ఒక పొద్దున, చెట్టు వేళ్ల సందులోంచి ఒక చేప దూసుకొచ్చి మేడిపండు అందుకుంది. మేం మోసినదో, సముద్రం నుంచి ఎక్కివచ్చినదో ఎవరికి తెలుసు? పిన్ని చెయ్యి తడుపుకుంది, కొలిచింది, వేలి కొస దాటింది. అయినా వదిలేసింది. అంతవరకు ఏనాడూ చూడనిది, ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఆ తర్వాత పిన్ని వదలకుండా మొదట ఉంచుకున్న చేప ఎవరికిచ్చిందో కూడా చెప్పాలి. ఆ పెళ్లికూతురికే, సర్దారు మరదలికి, కాన్పయ్యాక పాలు పడలేదు. సర్దారు తానే వచ్చి పిన్ని గడప బయట నిలబడ్డాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. పిన్ని "పచ్చిమిరప వెయ్యకండి, మిరియం వెయ్యండి" అని చెప్పి ద్రోకాను ఆకులో చుట్టి ఇచ్చింది. ఆ తర్వాత ఆ వాగులో ఎవరైనా దువా మాట ఎత్తితే కాదనే మొదటి మనిషి సర్దారే.

గిరిమిట్ అయిదేళ్లు తీరాక పిన్ని అక్కడే వాగు దగ్గర చిన్న గుడిసె వేసుకుంది. నాకు బా మిల్లులో పని దొరికింది. నేను బయలుదేరే పొద్దున వీడ్కోలు చెప్పడానికి రేవుకి వస్తుందనుకున్నాను. రాలేదు. కొంచెం మనసు చిన్నబుచ్చుకునే చెరుకు పంటు ఎక్కి కూర్చున్నాను. పంటు కాలువ వెంట మెల్లగా సాగింది. వాగు కాలువలో కలిసేచోట, గట్టు మీద పిన్ని కనిపించింది. మోకాళ్లు ముడిచి కూర్చుని ఉంది, వెదురు ముందుకు చాచి ఉంది. "పిన్నీ, వెళ్లొస్తా" అని కేకేశాను. ఆమె తల తిప్పలేదు. చూపు దారం నీళ్లను తాకేచోటే ఉంది, ఎర వెనకాల ఏదో వస్తున్నట్టుంది. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాకా పైకెత్తింది, అరచెయ్యి నావైపు తిప్పి. వెళ్లిరా అన్నదో, అరవకు అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. చెరుకు అడ్డం వచ్చేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.