జీరో టికెట్టు మీద వచ్చిన లింగమ్మ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అందుకు పెద్ద చదువేమీ కారణం కాదు. మా చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే.

కొత్తకోటలో నాకు మోటర్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటర్ తెచ్చిన రైతు, దానికి కొత్త తీగ చుట్టి వార్నిష్ ఆరేదాకా నా ముందు కూర్చోవాల్సిందే. అంతసేపు ఆయన్ను కదలనీయకుండా పట్టి ఉంచేవి నా కోతలే. హైవే మీద లిఫ్ట్ అడిగే తల లేని క్లీనర్ నా సరుకే. మొన్నామధ్య గద్వాల నుంచి వచ్చినాయన ఒకడు, ఆ క్లీనర్‌ను తన బామ్మర్ది కళ్లారా చూశాడని నాకే చెప్పాడు. నేను ఆశ్చర్యపోయి విన్నాను.

కాబట్టి ఇది ఎవరూ నమ్మరని తెలుసు. నమ్మరన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

నా చెల్లెలు సువార్త వనపర్తిలో ఉంటుంది. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త లారీ డ్రైవరు, వెళ్తే పది రోజులకు గానీ రాడు. పిల్లలు లేరు. వీధివైపు ముఖం పెట్టి రోజంతా కూర్చునే పని. ఒకరోజు, పొద్దుటి నుంచి ఒకే తెల్ల కారు మూడుసార్లు పోయిందని నాతో అంది. పాపం దారి దొరకట్లేదేమో, నువ్వన్నా చూపించకపోయావా అని నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తర్వాత ఆమె కొలతల పుస్తకంలో వెనకవైపు నుంచి బండ్ల నంబర్లు రాయడం మొదలుపెట్టింది. ముందు నుంచి జాకెట్ల కొలతలు, వెనక నుంచి నంబర్లు. రెండూ మధ్యలో కలిసే సరికి కుట్టడం ఆపేసింది.

అప్పటికే ఫోన్లో ఆమెకు ఒక గ్రూపు దొరికింది. ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు. తమ వెంట ఒక ముఠా పడుతోందని నమ్మేవాళ్లు. ఎర్ర చొక్కా మనిషి తనను చూసి కావాలని దగ్గాడని ఒకరు, పక్కింట్లో కుక్కరు విజిల్ సైగ అని ఒకరు, సెలూన్లో అద్దం తన వైపే తిప్పి పెట్టారని ఇంకొకరు. ఒకరి భయానికి ఇంకొకరు, నాకూ అంతే, నాకూ అంతే అని కింద రాస్తారు. అలా ఒక్కొక్కరి భయం అందరిదీ అవుతుంది. ఒకసారి ఆమె ఫోన్లో నవ్వుదామని చదివాను గానీ నవ్వలేకపోయాను. అందులో ఒక్కరూ నాలాగ కోతలు కోయడం లేదు. అందరూ నిజంగానే భయపడుతున్నారు.

ఆ గ్రూపులో రెండు మాటలు పదే పదే వచ్చేవి. డాక్టర్లు వాళ్ల మనుషులే. ఇంట్లో వాళ్లను ముందు కొంటారు.

మా ఆవిడ మరియమ్మ పంపిన కూర గిన్నె మూత తీయకుండానే తిరిగి రావడం మొదలైంది. సువార్త బిస్కెట్ల మీద బతికేది, అవి కూడా రోజుకో దుకాణంలో కొని. నెల తిరిగేలోపు తన జాకెట్లకే రెండుసార్లు కుట్లు బిగించుకుంది. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు, మనసు డాక్టరుకు చూపించమని తెలిసిన నర్సమ్మ చెప్పింది. ఆ మాట చెప్పబోతే సువార్త గుమ్మంలోనే నన్ను ఆపింది.

"నీ వెంట పడితే వాళ్లకేమొస్తది బిడ్డా?" అన్నాను.

"గదే నాకు తెల్వదన్నా. నీకు తెలిస్తే చెప్పు," అని నా కళ్లలోకి చూసి, తలుపు వేసుకుంది.

చిన్నప్పుడు అమ్మానాయన వలస పనికి పోతే మమ్మల్ని అవ్వ దగ్గర వదిలేవాళ్లు. నాకు పదేళ్లు, దానికి నాలుగు. పొద్దుగూకితే అమ్మ కావాలని ఏడ్చేది. ఇప్పపూలు తిని, మత్తెక్కి, అడవిలో కోలాటం ఆడిన ఎలుగుబంటి కథ చెప్తే ఊరుకునేది. నేను అబద్ధాలు నేర్చింది దాని కోసమే. నా దగ్గర వేరే పనిముట్టు లేదు.

కొత్త సిమ్ కొన్నాను. లింగమ్మ అని పేరు పెట్టుకుని ఆ గ్రూపులో చేరాను. ఊరు మన్ననూరు, భర్త లేడు, అడవిలో తేనె, ఇప్పపూలు ఏరుకుంటుంది, జొన్నరొట్టె పల్లీల కారంతో తింటుంది. ఒక మనిషిని పుట్టించాలంటే అవసరానికి మించి పుట్టించాలి, అది నా పద్ధతి. అందుకని ఆమెకు ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుందనీ, కుడి చెవికి ఒక్కదానికే కమ్మ పెట్టుకుంటుందనీ అనుకున్నాను. దీన్ని గ్రూపులో రాయలేదు. ఇంట్లో చెప్పలేదు. నాకు నేను అనుకున్నది, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

షాపులో వార్నిష్ చేతులతో ఫోను ఒత్తుకుంటూ నాలో నేను నవ్వుకుంటుంటే రైతులు చూశారు. విషయం మరియమ్మ దాకా పోయింది.

"ఈ వయసుల గిదేం రోగమయ్యా నీకు?" అని ఫోను గుంజుకుంది. అక్కడే నిలబడి మొత్తం చదివింది. చదివి కళ్లు తుడుచుకుని, "గా లింగమ్మను జర ఎక్కువ నవ్వనియ్యి. సువార్తకు నవ్వే మనుషులంటే ఇష్టం," అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

నీ వెంట ఎవరూ పడట్లేదని లింగమ్మ ఒక్కసారి కూడా రాయలేదు. పడుతున్నారని కూడా రాయలేదు. రోజూ పొద్దున సువార్తకు విడిగా ఒకటే అడిగేది: తిన్నవా? రెండు వారాలు జవాబు లేదు. తర్వాత ఒకరోజు, బిస్కెట్లు, అని వచ్చింది. ఆ ఒక్క మాట చూసి ఆ రోజు నేను మోటరుకు తీగ తప్పు చుట్టాను.

మెల్లగా మాటలు కలిశాయి. అడవి చెక్‌పోస్టు దగ్గర మనుషులతో పాటు వరసలో నిలబడిన పులి గురించి లింగమ్మ చెప్పింది. ఇంకోనాడు, తాను డాక్టరు దగ్గరికి పోయాననీ, గోలీ వేసుకుంటే నిద్ర పట్టిందనీ గ్రూపులోనే రాసింది. గంటలో గ్రూపు నడిపేవాళ్లు ఆమెను తీసేశారు. కానీ మూడో రోజు సువార్త నుంచి విడిగా మెసేజీ వచ్చింది. నువ్వొస్తే నేను కూడా పోత, అక్కా.

వస్త, అని రాశాను. బుధవారం వనపర్తి బస్టాండ్‌లో కలుద్దాం, పది గంటల నాగర్‌కర్నూల్ బస్సుకు. సొంత ఊరి దవాఖానలో అందరూ చూస్తారని ఆమె భయం.

లింగమ్మను ఎక్కడి నుంచి తేవాలి? పాన్‌గల్‌లో మరియమ్మ చిన్నమ్మ ఉంది. సువార్త ఆమెను ఎప్పుడూ చూడలేదు. రెండు రోజులు ఆమెకు లింగమ్మ వేషం నేర్పించాను, చెవి సంగతి తప్ప. బుధవారం తెల్లవారే సరికి చిన్నమ్మకు చలిజ్వరం. మూడు దుప్పట్లు కప్పినా వణుకుతూనే ఉంది.

చెక్‌పోస్టు దగ్గర ఆపిండ్రు, పులి తిరుగుతుందంట, నువ్వు బస్సెక్కు, నేను దవాఖానకే వస్త, అని మెసేజీ పెట్టాను. చేరలేదు. ఫోను మీద కూడా నిఘా ఉందని గ్రూపులో చెప్పారట, సువార్త ఫోను ఆపేసుకుంది. బండి తీసుకుని వనపర్తికి పోయే సరికి ఇంటికి తాళం ఉంది. పది గంటల బస్సు వెళ్లిపోయింది.

తెల్ల కారు చూస్తేనే వణికే మనిషి, అంతమంది కొత్త ముఖాల మధ్య ఒంటరిగా బస్సులో కూర్చుంది. లింగమ్మ రాలేదు. ఇక లింగమ్మ కూడా వాళ్ల మనిషే అనుకుంటుంది. ఏ చేను దగ్గరో దిగిపోతుంది. నాగర్‌కర్నూల్ దాకా రోడ్డుకు రెండు పక్కలా చూస్తూ పోయాను. బావి కనబడిన ప్రతిచోటా బండి ఆపి తొంగి చూశాను.

దవాఖాన వరండాలో బెంచీ మీద సువార్త కూర్చుని ఉంది. చేతిలో చీటీ. ఒళ్లో స్టీలు డబ్బా. ఏదో నములుతోంది.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "గిట్ల కూర్చో అన్నా. లింగమ్మక్క నీళ్లు పట్టుకరానీకి పోయింది," అంది.

డబ్బాలో సగం జొన్నరొట్టె, పల్లీల కారం. ముందు లింగమ్మ తుంచుకుని తిని, తర్వాత మిగతాది దీనికి పెట్టిందట. ఎట్ల ఉంటది లింగమ్మక్క అని అడిగాను.

"పొట్టిగ ఉంటది. ఊకె నవ్వుతది. ఒక్క చెవికే కమ్మ ఉంది. ఎడమ చెవి తెగింది పాపం. ఏమైందక్కా అంటే, మనవడు గుంజిండన్నది."

ఆ చెవి ఎట్లా తెగిందో నేను అనుకోనేలేదు.

నీళ్ల కుళాయి దగ్గర చూశాను. గేటు దగ్గర, టీ కొట్టు దగ్గర, ఆడవాళ్ల వార్డు దగ్గర అడిగాను. లేదు. తిరిగొచ్చే సరికి సువార్త పేరు పిలిచారు. లింగమ్మక్క వచ్చేదాకా ఆగుదామా అన్నాను. "పోదాం పా. ఆమె వస్తది," అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నన్ను ముట్టుకుని నాలుగు నెలలైంది.

లింగమ్మ రాలేదు.

ఇక సాక్ష్యాలు. సువార్త సంచిలో రెండు జీరో టికెట్లు ఉన్నాయి. ఆడవాళ్లకు ఛార్జీ లేదు గానీ కార్డు చూపిస్తేనే ఆ టికెట్టు కొడతారు. రెండూ ఒకే నిమిషంలో కొట్టినవి. దయ్యమైతే ఆధార్ కార్డు ఎక్కడిది? బస్సు నంబరు కొలతల పుస్తకం అట్ట మీద రాసి ఉంది, అలవాటు కొద్దీ. దాన్ని పట్టుకుని కండక్టరును వెతికాను. "ఇద్దరాడోళ్లు తొవ్వపొడుగునా నవ్వుకుంట కూర్చున్నరు. గట్ల నవ్వేటోళ్లు బస్సుల తక్కువ, అందుకే యాదికుంది," అన్నాడు. ముఖం మాత్రం యాదికి లేదు. డబ్బా అడుగున చుక్కలతో చెక్కిన పేరు అరిగిపోయి, చివర 'మ్మ' ఒక్కటే మిగిలింది. మా జిల్లాలో సగం ఆడవాళ్లు 'మ్మ' లే.

మన్ననూరుకు కూడా పోయాను. ముగ్గురు లింగమ్మలు దొరికారు. ముగ్గురికీ రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి. మూడో ఆమె, నా చెవులెందుకు చూస్తున్నవ్ రా అని కట్టె తీసుకుంది.

గోలీలు వేసుకోగా, నెలనెలా పోయి రాగా, సువార్త మెల్లగా తేరుకుంది. గ్రూపులోంచి తానే బయటికొచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక నంబరు రాసుకుంటుంది, రాసి నాకు చూపించి కొట్టేస్తుంది. ఏడాది గడిచాక ఒకరోజు మిషను తొక్కుతూ తల ఎత్తకుండానే అంది.

"అన్నా, ఫోన్ల లింగమ్మవి నువ్వే గదా."

నేను బల్ల మీది దారపు ఉండ తీసి తిప్పసాగాను.

"వరసల నిలబడ్డ పులంట! ఎలుగుబంటిని తీసేసి పులిని పెట్టినవ్, నాకు తెల్వదా? మొదలు శానా భయమైంది. నువ్వు కూడా వాళ్ల మనిషివే అనుకున్న. తర్వాత అనుకున్న, నా ఎంబడి గంతమంది పడుతుండ్రు గదా, అండ్ల ఒకడు మనోడుంటే మంచిదే గదా అని."

నేను వీధివైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

"బస్సుల ఆమెను మటుకు మంచిగ పంపినవన్నా. ఆమె లేకుంటే నేను నడుమల్నే దిగిపోతుంటి. ఎవరామె?"

ఇన్నేళ్లలో ఎన్ని కోతలు కోశానో లెక్క లేదు. ఏ ఒక్కదానికీ ఇంత భయపడలేదు. నేను పంపలేదు అన్నానంటే, ఎవరో తెలియని మనిషి నీ పేరు, నీ ఊరు, నీ బస్సు తెలుసుకుని వచ్చి నీ పక్కన కూర్చుంది అని చెప్పినట్టే. నిజం చెప్తే ఆ పుస్తకం మళ్లీ వెనక నుంచి తెరుచుకుంటుంది.

"మన షాపుకు మోటర్ తెచ్చినాయన చుట్టం. నేనే పంపిన," అన్నాను.

సువార్త నవ్వి, బల్ల కింది నుంచి ఒక కవరు తీసింది. అందులో ఆకుపచ్చ జాకెట్. బస్సులో పక్కన కూర్చున్న మనిషి కొలతలు కంటితోనే తీసిందట. "ఆమెకియ్యి. బిగుతైతే పట్టుకరమ్మను, కుట్లిడుస్త," అంది.

సువార్త దీన్ని చదివినా నాకు బెంగ లేదు. మా అన్న మళ్లా కోసిండు అనుకుంటుంది. ఒక్కసారి నిజం రాయడానికి నాకు మిగిలిన చోటు ఇదొక్కటే.

ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. జాకెట్ షాపులోనే ఉంది, వార్నిష్ వాసన పట్టకుండా ఆమె స్టీలు డబ్బాలోనే పెట్టాను. షాపు ముందు నుంచి ఏ ఆడమనిషి పోయినా ముందు ఎడమ చెవి చూస్తున్నాను. రైతులు ఈ సంగతి కూడా మరియమ్మకు చేరవేశారు.

"చూడనియ్యుండ్రి," అందట మరియమ్మ.