నిమ్మకాయ నీడ

మా యారాలు యమున గద్వాలకు కోడలై వచ్చిన కొత్తలోనే ఆకాశం గురించి మా అత్తతో మాటామాటా పెంచుకుంది. యారాలంటే నా మరిది శివశంకర్ భార్య, గోపాల్‌పేట పిల్ల. ఇంట్లో మేమందరం మగ్గం మీద బతికేవాళ్లం. ఆమె ఒక్కతే ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేది.

"నీకు చుక్కల శాస్త్రం తెల్సంట గద, మా చిన్నోని జాతకం జర చూడు బిడ్డా" అని మా అత్త జోగులమ్మ మంచిగానే అడిగింది, పాపం.

"అది జాతకం అత్తమ్మా, నేను చెప్పేది ఖగోళం. సూర్యుడు, చంద్రుడు, చుక్కలు ఏందియి, ఎంత దూరమున్నయి, ఎందుకు తిరుగుతయి, అండ్ల మంట ఎట్ల పుడ్తది, గా వెలుతురును చూసి లెక్క కడ్తరు. మన నొసటి రాత అండ్ల ఒక్క ముక్క లేదు."

"మన సంగతే లేంది గదేం సదువే!" అని అత్త మూతి తిప్పుకుంది. మగ్గం గుంతలో కూర్చున్న నాకు నవ్వాగలేదు.

యమునకు కూతురు అమూల్య కడుపులో ఉండగా, నాలుగో నెలలో సూర్యగ్రహణం వచ్చింది. మా దగ్గర గ్రహణం పూట కడుపుతో ఉన్నవాళ్లు చీకటి గదిలో వెల్లకిలా, చెయ్యి కదపకుండా పడుకోవాలి. గోరు గిల్లినా, దేన్నైనా కోసినా పుట్టే బిడ్డకు పెదవి చీలుతుందంటారు. చీలిన పెదవికి గ్రహణమొర్రి అనే పేరే పెట్టారు. యమున మాత్రం నల్ల అద్దాలు పెట్టుకుని, బడి మైదానంలో పిల్లలందరికీ సూర్యుణ్ణి చూపించింది. అత్త వీధి చివరిదాకా వెంటబడి ఏడ్చింది.

"చంద్రుడు అడ్డమొస్తుండు, గంతే అత్తమ్మా. నీడ ఏం జేస్తది?" అని నవ్వుతూ వెళ్లిపోయింది మహాతల్లి.

ఎండలు తగ్గాక అమూల్య పుట్టింది. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది.

ఇంకేముంది! లోకులు పలుగాకులు. దవాఖానలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పెదవి అతుక్కునేది రెండో నెలలోనేనట. గ్రహణం నాటికే ఆ చీలిక ఉందట, తల్లి తప్పేమీ లేదట. శివశంకర్ విన్నాడు, నేను విన్నాను. వీధి వినలేదు. చూడటానికి వచ్చిన ప్రతి ఆడదీ ముందు బిడ్డ మూతి చూసి, తర్వాత యమున మొహం చూసేది. బడివాళ్లు పొమ్మనలేక పొగబెట్టారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. యమున వచ్చి నా పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టడం మొదలుపెట్టింది.

పెదవి కుట్టారు, తర్వాత అంగిలి కుట్టారు. మచ్చ మిగిలింది, మాట ముక్కులోంచి వచ్చేది. మాటలు నేర్చినప్పటి నుంచీ అమూల్య గల్లీలోంచి ఏడుస్తూనే వచ్చేది. "అమ్మా, నువ్వు సూర్యుణ్ణి చూసినవని నాకు గిట్లయిందంట!"

అప్పుడు యమున బల్బు వెలిగించి, ఒక చేత్తో నూలుండ, ఇంకో చేత్తో నిమ్మకాయ పట్టుకునేది. "బల్బు సూర్యుడు. గీ ఉండ మనమున్న భూమి. నిమ్మకాయ చంద్రుడు. చూడు, నిమ్మకాయ నీడ ఉండ మీద పడ్డది. ఉండకేమన్న అయిందా బిడ్డా? చినిగిందా?"

అమూల్య ఉండను తిప్పి తిప్పి చూసేది. "ఏం గాలె."

"నీకు గూడ నీడతోని ఏం గాలె. నేనేం జెయ్యలె."

ఆ చివరి మాట కోసమే పిల్ల మళ్లీ మళ్లీ ఆ ఆట అడిగేది. వీధంతా ఏమన్నా, అమ్మ తననేమీ చేయలేదన్న ఆ ఒక్క మాట పట్టుకునే అది నిలబడింది.

ఆమధ్య కాముని పున్నమికి, హోలీనాడే, చంద్రగ్రహణం వచ్చింది. యమున మళ్లీ కడుపుతో ఉంది, రెండో నెల. ఎవరమూ ఆమెను ఏమీ అనలేదు. అత్త కూడా అనడం మానేసి చాలా కాలమైంది. మధ్యాహ్నం యమున తనంతట తానే దుప్పటి చంకన పెట్టుకుని వెనక గదిలోకి పోయి, కిటికీకి పాత చీర కట్టింది.

"ఏందే గిది?" అన్నాను. "చంద్రుడింక పొడవనే లేదు. భూమికి అవతల ఉన్నడు. నువ్వే గద చెప్పినవ్!"

"తెల్సక్కా, అంత తెల్సు. గని పెదవి అతికేది గిప్పుడే, గీ నెలలనే. నీడతోని ఏం గాదు. గాదని తెల్సు. అయితే? మల్ల గట్లనే అయితే నేను బతకనక్కా."

చేతులు రెండూ పక్కలకు చాపి వెల్లకిలా పడుకుంది. తిడదామని పోయినదాన్ని, ఆమె కాళ్ల మీద దుప్పటి కప్పి ఇవతలికి వచ్చాను. అత్త గడప దగ్గర కూర్చుని దండం పెట్టుకుంటోంది.

అంతలో అమూల్య వచ్చింది, ఒంటినిండా రంగులతో. చేతిలో నూలుండ, నిమ్మకాయ.

"ఇయ్యాల గ్రహణమంట గద అమ్మా, ఆట ఆడుదాం." గది చూసి ఆగిపోయింది. "పెద్దమ్మా, అమ్మెందుకు చీకట్ల పండుకున్నది?"

నేను నోరు విప్పేలోపే అత్త చెప్పేసింది. "కడుపుల నీ చెల్లెనో తమ్ముడో ఉన్నరు గద బిడ్డా. మూతి మంచిగుండాలని."

అమూల్య వేలితో పెదవి మీది మచ్చను తడుముకుంది.

"మరి నేను కడుపుల ఉన్నప్పుడు ఎందుకు పండుకోలె అమ్మా?"

యమున కదలలేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. గ్రహణం విడిచేదాకా ఎత్తకూడదు.

అమూల్య నిమ్మకాయను, ఉండను గడప మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. ఆ ఆట మళ్లీ ఎప్పుడూ అడగలేదు.