అరువు ముక్కు

గత మంగళవారం పొద్దున్న ఆరున్నర దాటినా పిన్ని రాలేదు. ఇడ్లీ పిండి గిన్నె ముందు పెట్టుకుని, లైటరు ముట్టకుండా కూర్చున్నాను. ఏడింటికి వాళ్ళమ్మాయి ఫోను చేసింది. తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిచ్చే పిల్ల. "ఆంటీ, మా నహీఁ రహీ," అంది. అమ్మ ఇక లేదని. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆ రోజు నేను వండి బిష్టుపూర్ ఆఫీసులకి పంపాల్సిన పద్దెనిమిది టిఫిన్ డబ్బాలూ ఖాళీగానే ఉండిపోయాయి.

పిన్ని నాకు చుట్టం కాదు. బిర్సానగర్‌లో మాకు రెండు సందుల అవతల ఉండేది. వాళ్ళ నాన్న ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి కార్ఖానా పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇళ్ళకి గొట్టాల్లో గ్యాసు వస్తున్న కొత్తలో, ఇంటింటికీ తిరిగి జాగ్రత్తలు చెప్పే కాంట్రాక్టు పనిలో చేరింది పిన్ని. ఆవిడ సంచీ నిండా చిన్న చిన్న కార్డులు. గోటితో గీకితే గ్యాసు వాసన వస్తుంది. సంచీలో అవి ఒకదానికొకటి రాసుకుని, ఆవిడ ఎక్కిన ఆటోలో "గ్యాస్ లీక్ హో రహా హై!" అని జనం దిగిపోయేవారట. "నానేటి సేతును? కుంచెం కాళ్ళు సాపుకుని కూకునేదాన్ని," అని నవ్వేది.

మా ఇంటికీ అలాగే వచ్చింది. మా అత్తగారినీ నన్నూ నిలబెట్టి కార్డు గీకింది. "ఛీ, కుళ్ళిన ఉల్లిపాయ కంపు!" అంటూ అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. అత్తగారు లోపలికి వెళ్ళాక పిన్ని ఇంకో కార్డు గీకి నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదెలాగుంది?"

"ఇంకా ఘాటుగా ఉందండీ."

"ఇది బట్టల కొట్టోడి కార్డమ్మా," అంది నెమ్మదిగా.

దొరికిపోయాను. ఆ జబ్బు లోకమంతా తిరిగిన ఏడు నాకూ జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ నా వాసనని కూడా పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. "వంటకి చెయ్యి కాదు, ముక్కు ముఖ్యం" అనే అత్తగారికి తెలిస్తే వంటిల్లు నా చేతిలో ఉండదు. ఆ టిఫిన్ డబ్బాలు తప్ప ఈ ఊళ్ళో నాదంటూ ఏమీ లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు బావురుమన్నాను.

"ఏడవకు. నానెవురికీ సెప్పను. కానీ నానొచ్చి వాసన సూసినదాకా నువ్వు పొయ్యి ముట్టించకూడదు. ఒట్టెయ్," అంది. వేశాను.

ఆ మర్నాటి నుంచి నాలుగేళ్ళు, డ్యూటీకి పోతూ పోతూ మా వంటింటి గుమ్మంలో నిలబడేది. కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది నాకు. "ఏటీ నేదు, ముట్టించు," అనేది. ఆ తరవాత నేను అడక్కుండానే బయటి సంగతులు చెప్పేది. కింద ఎవరో ఎండుచేపలు వేపుతున్నారని, గాలి కార్ఖానా మీంచి వస్తోందని, సాయంత్రానికి వాన పడుతుందని. పప్పు తిప్పుతూ వింటుంటే అవన్నీ పొగమంచులోంచి ఒక్కొక్కటే నడిచి వచ్చేవి. ఒకసారి మల్లెపూలంది. నడిశీతాకాలంలో మల్లెపూలేమిటి పిన్నీ అన్నాను. "నీకొచ్చిందేటి వాసన? నాకొచ్చింది!" అని దబాయించింది. నేనూ నమ్మేశాను. ఆ రోజంతా హాయిగా ఉంది.

గ్యాసు కారితే మోగే అలారం పెట్టె ఒకటి గోడకి కూడా కొనిపించింది గానీ దాన్ని నమ్మేది కాదు. "కరెంటు పోతే అదీ నీలాంటిదే," అనేది. సబ్బు నురగ రాసి గొట్టం మీద బుడగలొస్తాయేమో చూడడం నేర్పింది. "గ్యాసుకి దాని వాసనంటూ ఏటీ నేదమ్మా. సప్పుడు సెయ్యకుండా వత్తాది. అందుకే దానికి మందు కలిపి కంపు పెట్టినారు. ఆ కలిపినోడెవుడో గానీ, ఆడి పిల్లలు సల్లగుండాల," అంటూ గోడకేసి దణ్ణం పెట్టేది.

ఒక వానాకాలం ఉదయం కరెంటు లేదు. అత్తగారు పూజలో ఉన్నారు, హాలంతా సాంబ్రాణి పొగ. పిన్ని గుమ్మంలోకి వచ్చింది, కళ్ళు కూడా మూసుకోలేదు. "లైటరు కింద పెట్టీ," అంది. గొట్టం దగ్గర వాల్వు కట్టేసింది. కిటికీలు బార్లా తెరిచింది. తిన్నగా పూజ దగ్గరికి వెళ్ళి వెలుగుతున్న దీపాన్ని రెండు వేళ్ళతో నలిపేసింది. ముందు రోజు పొయ్యి జరిపి తుడిచింది నేనే. గొట్టం వదులైపోయిందని నాకు తెలియలేదు. గాలి ఆడాక పిన్ని వాల్వు కాస్త తిప్పి సబ్బు నురగ రాస్తే బుడగలు ఒకదాని మీదొకటి పొంగుతూ వచ్చాయి.

"దేవుడి దగ్గర దీపం ఆర్పేస్తావా?" అంటూ అత్తగారు పూజలోంచి లేచారు. తరవాత నా వైపు తిరిగారు. "ఇంతసేపూ ఇక్కడే ఉన్నావు కదే, నీకు వాసన రాలేదూ?"

పిన్ని అందుకుంది.

"తప్పు నాదే అమ్మగారూ. నిన్న సూద్దారని గొట్టం కదిపినాను. సరిగ్గా బిగించినట్టు నేదు."

ఊరందరికీ గొట్టం బిగించడం నేర్పిన మనిషి. నేను మాట్లాడకుండా ఊరుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అప్పట్నించి అత్తగారు, "పైపులు పాడు చెయ్యడం, పొద్దున్నే కాఫీకి తయారవడం," అని ఆవిడకి వినబడేలాగే అనేవారు. పిన్ని మెట్ల మీద నిలబడి కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయేది. నా కోసం ఆ మాటలు ఎందుకు పడతావని అడిగాను. "కంపు కొట్టడమే కదమ్మా నా ఉజ్జోగం," అంది.

పిన్ని పోయిన రోజు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, శవం పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు. "మంచిదే పాపం, కానీ మీ ఇంట్లో గొట్టం ఊడగొట్టింది ఈవిడే కదూ?" ఆ మాట పిన్నితోపాటు పోకుండా ఊళ్ళో మిగిలిపోతుందని అప్పుడు తెలిసింది. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

వారం రోజులుగా ఒంట్లో బాగాలేదని చెప్పి డబ్బాలు ఆపేశాను. ఇంటి వంట అత్తగారే చేస్తున్నారు. ఇవాళ పొద్దున్న, పత్రికకి పంపేముందు, ఈ కాగితాలు ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని హాల్లో కిటికీ పక్కన చదువుతున్నారు. ఈ చివరి కాగితం ఒక్కటీ వంటింటి గట్టు మీద పెట్టుకుని రాస్తున్నాను. ఇడ్లీ రేకులు నింపి ఉన్నాయి. పొయ్యి ఆరే ఉంది.

కాగితం తిప్పిన చప్పుడు రెండుసార్లు వినబడింది. ఇప్పుడు కుర్చీ జరిగింది. అడుగులు నెమ్మదిగా వచ్చి గుమ్మంలో ఆగాయి. నేను తలెత్తలేదు. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. మెల్లగా, లోతుగా, ముక్కుతో పీలుస్తున్నారు.